దివాణం కుర్చీలు

రాఘవాంబగారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకి అక్కడికక్కడే జవాబు చెప్పరు. "రేపు నీకేం పనుంది?" అని ఎదురడుగుతారు. ఆ పని ఏదైనా సరే, తానూ వెంట బయలుదేరతారు. కాకినాడలో ఆవిడ దగ్గర మధ్యాహ్నం పూట వేదాంత పాఠం చెప్పించుకునే ఆడవాళ్లం కొద్దిమందిమి ఉన్నాం. మాలో ఎక్కువమందికి జవాబు కూరగాయల బజారులోనో, ఆసుపత్రి వరండాలోనో దొరికింది.

ఆ రోజు వింధ్యావళి పాఠం మొదలుకాకముందే అడిగేసింది. కూర్చోలేదు కూడా. "అమ్మగారూ, చేసిన మేలు మరిచిపోయేవాళ్ల మీద కోపం రావడం తప్పేనా? అది ముందు చెప్పండి. మిగతా పాఠం తరవాత."

సంగతేమిటో మాకందరికీ తెలుసు. వింధ్యావళికి సుభాషిణి అని ఒక తోడికోడలు ఉంది. మరిది పోయాక ఆమెని వింధ్యావళే తన ఇంటికి తెచ్చి పెట్టుకుంది. గది ఇచ్చింది, పండగలకి బట్టలు పెట్టింది, ఒంట్లో బాగాలేకపోతే పక్కన కూర్చుంది. ఇందులో ఏదీ అబద్ధం కాదు. ఆ సుభాషిణి ఇప్పుడు పెద్దాపురంలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెను ఉద్యోగం చూసుకుంది. ఉండడానికి అక్కడే ఒక గది ఇస్తారట.

"పొద్దున్నే కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, సోమవారం వెళ్తున్నానక్కా అంది. అడగలేదండీ. చెప్పింది," అంది వింధ్యావళి. కోపంతో ఆమె గొంతు సన్నబడిపోయింది. "ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు? నేనేదో అన్నం పెట్టక తరిమేశాననుకోరూ? నేను మాత్రం పంపించను. వెళ్తే మళ్లీ నా గడప తొక్కక్కర్లేదని చెప్పేశాను."

రాఘవాంబగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "రేపు నీకేం పనుంది?"

"కుర్చీలు కొనాలి," అంది వింధ్యావళి, ఆ మాట కూడా ఎవరినో తిడుతున్నట్టే.

ముందు హాలుకి పాతకాలం కుర్చీలు కొనాలని ఆమె చాలా రోజులుగా తిరుగుతోంది. చేతులు లేకుండా, నిటారు వీపుతో, గోడవారగా వేసుకునే రకం. మర్నాడు జగన్నాథపురం వంతెన అవతల గుర్నాథం గోడౌనుకి వెళ్లాం. పడగొట్టిన మేడల్లోంచి తెచ్చిన తలుపులూ, స్తంభాలూ, మచ్చలు పడ్డ నిలువుటద్దాలూ అక్కడ దొరుకుతాయి. రాఘవాంబగారు, వింధ్యావళి, నేను. మా వెనకాల సంచీ పట్టుకుని సుభాషిణి. అంత గొడవ పడ్డాక ఆమెనెందుకు తీసుకొచ్చావని నేనడిగితే, "బజారుకెప్పుడూ తనే కదా వస్తుంది," అంది వింధ్యావళి.

పాత కుర్చీని ఎలా చూడాలో వింధ్యావళికి బాగా తెలుసు, ఆ మాట ఒప్పుకోవాలి. వీపు పట్టుకుని అటూ ఇటూ ఊపి కీళ్లు వదులయ్యాయేమో చూస్తుంది. పేము అల్లికని అరచేత్తో నొక్కి, అది మళ్లీ పైకి లేస్తేనే సరేనంటుంది. పైన కొత్త వార్నిష్ నిగనిగలాడుతుంటే, లోపల చెద తిన్న చెక్క ఉందేమోనని గోటితో గీకి చూస్తుంది. ఇవన్నీ నిలబడే చేస్తుంది. తను మాత్రం కూర్చుని చూడదు. కూర్చోవలసి వస్తే సుభాషిణిని కూర్చోమంటుంది.

గోడౌను చివర ఒక జత కనబడింది. నల్లటి చెక్క, వీపు మీద సన్నటి తీగ చెక్కుడు, అల్లిక ఎక్కడా తెగలేదు. వింధ్యావళి మొహం ఆ రెండు రోజుల్లో మొదటిసారి విప్పారింది. ఊపింది, నొక్కింది, గీకింది. "కూర్చో సుభా," అంది.

సుభాషిణి పొడగరి. కూర్చుంటే మోకాళ్లు పొట్ట దాకా వచ్చాయి. సంచీ ఒళ్లో పెట్టుకుని, తల పైకెత్తి మావైపు చూసింది.

"చూశారా అమ్మగారూ, దానికి సరిగ్గా సరిపోయింది," అంది వింధ్యావళి.

రాఘవాంబగారు పక్కనున్న రెండో కుర్చీని తలకిందులు చేయించారు. కాళ్ల మీద చెక్కిన వలయాలు ఒకటి కింద ఒకటి చక్కగా దిగుతూ వచ్చాయి, చివరి వలయం మాత్రం సగంలో తెగిపోయింది. అడుగున రంపం గీతలు.

"ఇదేమిటయ్యా?" అని అడిగారు.

గుర్నాథం ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ముందుకొచ్చాడు. "అదేనండి దీని గొప్పంతా. ఒక జమీందారుగారి దివాణంలోవండి ఇవి. ఆ రోజుల్లో ఆయన ముందు రైతులూ, గుమాస్తాలూ నిలబడే ఉండేవారు. కొత్త కలెక్టరు దొర వచ్చి, మాట్లాడ్డానికొచ్చిన ప్రతివాడికీ కుర్చీ వెయ్యాల్సిందేనని పట్టుబట్టాడట. జమీందారుగారు తక్కువవారా? అలాగే వేస్తామన్నారు. వేశారు. కాళ్లు కోయించి వేశారు." నవ్వాడు. "చరిత్రండి. ఇలాంటి జత ఇంకెక్కడా దొరకదు."

వింధ్యావళి కూడా నవ్వింది. "ఎంత తెలివో చూడండి."

నేను రాఘవాంబగారి మొహం చూశాను. ఎన్నో ఏళ్లుగా ఆవిడ దగ్గర చదువుకున్నాను కానీ ఆ మొహంలో కోపం ఎలా ఉంటుందో నాకప్పటిదాకా తెలియదు. ముక్కు పక్కన గీత బిగుసుకుంది. గొంతు మాత్రం పెంచలేదు.

"సుభాషిణీ, నువ్వు లేమ్మా. వింధ్యా, అందులో నువ్వు కూర్చో." తానొక మామూలు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

వింధ్యావళి కూర్చుంది. రాఘవాంబగారు పైనుంచి ఆమెని కాసేపు చూసి, ఎంతో ఆదరంగా అడగడం మొదలుపెట్టారు. "ఎక్కడికి వెళ్లొస్తున్నావు?"

"అదేమిటండీ, మీతోనే కదా..."

"గుడికా? గుడికి ఇంతసేపా? వెంట ఎవరొచ్చారు? భోంచేశావా? పెరుగు వేసుకున్నావా, మొహమాటపడ్డావా? ఆ చీర మేం పెట్టిందే కదూ, బాగుంది నీకు. ఎవరొచ్చినా నేను చెబుతూనే ఉంటాను, మా దగ్గరే ఉంటుంది, మేమే చూసుకుంటాం అని. నీకేం లోటు? ఇది నీ ఇల్లే అనుకో."

అవన్నీ వింధ్యావళి తన ఇంట్లో సుభాషిణితో అంటుండగా మేము విన్న మాటలే. అన్నీ మంచి మాటలే. ఒక్కో మాటకీ ఆమె గడ్డం పైకి లేస్తోంది, చేతులు ఒళ్లో పెట్టుకోవాలో కుర్చీ పట్టుకోవాలో తెలియక తడబడుతున్నాయి. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. ఆఖరి మాటకి విసురుగా లేచింది. వెనక కుర్చీ పడింది.

"నేనేం చేశానని నన్నిలా అవమానిస్తున్నారు?"

"నేనొక్క కటువు మాటన్నానా?" అన్నారు రాఘవాంబగారు.

"మాటలు కాదండీ. ఆ కూర్చోబెట్టడం..." అని ఆగిపోయింది.

పడిన కుర్చీని సుభాషిణి లేవనెత్తి సరిగ్గా నిలబెట్టింది. నిలబెట్టి, దాని వీపు మీద చెయ్యి తియ్యకుండానే అంది. "నువ్వు ఒక్క నిమిషం కూర్చోలేక లేచి నిలబడ్డావక్కా. నేను లేస్తే కృతఘ్నురాలినయ్యాను." ఆ గొంతులో ఏడుపు లేదు. ఇన్నేళ్లూ వంటింట్లో గిన్నెల చప్పుడు కింద అణిగిన కోపం అది. "సోమవారం ఉదయం బస్సుకి వెళ్తున్నాను. ఇవాళ కూడా అడగడం లేదు."

వింధ్యావళి పెదవులు కదిలాయి కానీ, గడప తొక్కక్కర్లేదన్న మాట మళ్లీ బయటికి రాలేదు.

బేరం చెడిపోతోందని గుర్నాథానికి అర్థమైంది. "అమ్మా, మీకంతగా పట్టింపైతే కాళ్ల కింద చెక్కముక్కలు అతికించి ఇస్తానండి. రంగు కలిపేస్తే ఎవరికీ తెలీదు."

"నాకివి వద్దు," అంది వింధ్యావళి. గోడౌనంతా వినబడేలా అంది. కానీ అతని మీద అరిచి ఏం లాభం? అమ్మేవాడు అమ్ముతాడు.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. సుభాషిణి సంచీ తీసుకుని, తనకి వేరే పనుందని చెప్పి, వంతెన వైపు నడిచి వెళ్లిపోయింది. ఎక్కడికని ఈసారి ఎవరూ అడగలేదు. ఆ పొడుగాటి మనిషి జనంలో కలిసిపోయేదాకా వింధ్యావళి అటే చూసింది. తరవాత రాఘవాంబగారి వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కోపం మాత్రం దిగలేదు.

"అయితే నేను చేసిందంతా ఏమీ కాదంటారా అమ్మగారూ? దాన్ని రోడ్డు మీద వదిలెయ్యలేదే. ఇల్లిచ్చాను. అన్నం పెట్టాను. పెట్టలేదా?"

ఆటో వచ్చి ఆగింది. రాఘవాంబగారు ముందు ఆమెని ఎక్కమని చెయ్యి చూపించారు.

"పెట్టావు. కాదన్నదెవరు? ఆ జమీందారు కుర్చీ వెయ్యలేదని మాత్రం ఎవరన్నారు?"