డిస్ట్రిబ్యూటర్ మీద గీత

ఏడుకొండలుకి గుర్తు గీసుకోవడమంటే నామోషీ.

చీరాలలో కాలేషా మేస్త్రీ షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. పాత కారు డిస్ట్రిబ్యూటర్ విప్పే ముందు, అది ఎటు తిరిగి కూర్చుందో గీత గీసుకోవాలి. ఏ సిలిండరుకి ఎప్పుడు నిప్పురవ్వ పంపాలో చూసేది డిస్ట్రిబ్యూటరే. బిగించేటప్పుడు దాని పళ్ళచక్రం ఒక్క పన్ను తప్పిందంటే బండి దగ్గుతుందే గానీ కదలదు. తల నెరిసినా కాలేషా గీత గీయకుండా విప్పడు. అది చూసి, అక్కడే పని నేర్చుకున్న ఏడుకొండలు చాటుగా నవ్వుకునేవాడు. పనొచ్చిన చేతికి గీతలెందుకని అతని ధీమా. ధీమా ఊరికే రాలేదు లెండి, చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పగలడు.

వేటపాలెంలో సొంత షెడ్డు పెట్టుకుంటున్నాడు. బోర్డు మీద 'కాలేషా మేస్త్రీ శిష్యుడు' అని రాయించుకోవాలని కోరిక. మేస్త్రీ ఒక నల్ల కారు చూపించాడు.

"దీని డిస్ట్రిబ్యూటర్ విప్పి, శుభ్రం చేసి బిగించు. ఎవర్నీ అడక్కుండా స్టార్ట్ చేస్తే రాయించుకో."

"ఇంతేనా మేస్త్రీ?" అంటూ ఏడుకొండలు గీత గీయకుండానే చకచకా విప్పేశాడు. చూసేవాళ్ళు నలుగురుంటే బాగుండు అనిపించింది.

బిగించి తాళం తిప్పాడు. బండి ఠప్పున పేలి ఊరుకుంది. పన్ను జరిపి మళ్ళీ బిగించాడు. దగ్గింది. మధ్యాహ్నానికి బ్యాటరీ నీరసించింది, మనిషి అంతకన్నా. అడిగితే బోర్డు మీద పేరు పోతుంది. అయినా తల వంచుకుని వెళ్ళాడు.

"పన్ను దొరకట్లేదు మేస్త్రీ."

కాలేషా తిట్టలేదు. కిరసనాయిలు గుడ్డ చేతికిచ్చాడు. "డిస్ట్రిబ్యూటర్ మొదలు తుడువు."

తొందరలో అతను తుడవకుండా వదిలేసిన ఏళ్ళనాటి జిడ్డు ఊడింది. కింద సన్నటి గీతలు. ఇంజను మీదొకటి, డిస్ట్రిబ్యూటర్ మొదలు మీద ఒకటి, లోపల తిరిగే ముల్లు ఎటు చూడాలో చెబుతూ పై అంచున ఇంకొకటి.

ఏడుకొండలు మొదటి సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజన్ని మెల్లగా తిప్పాడు. లోపలి గాలి వేలిని నెట్టి, పిస్టన్ పైకి చేరగానే ఆపాడు; నిప్పురవ్వ అందాల్సిన చోటు అదే. ముల్లుని పై గీతకి తిప్పి, కింద గీతకి గీత కలిపి బిగించాడు. వేరే బ్యాటరీ తగిలిస్తే బండి ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఈ గీతలెవరివి మేస్త్రీ?"

"నాకు పని నేర్పిన మా ఉస్తాద్ బాజీ సాహెబ్‌వి. ఈ బండి ఆయన చేతిలోనే పెరిగింది."

"అంతటాయనకీ గుర్తు కావాల్సొచ్చిందా?"

కాలేషా గర్వంగా నవ్వాడు. "ఆయనకా? కళ్ళు మూసుకుని బిగించేవాడ్రా!"

అయితే ఇవి తర్వాత విప్పేవాళ్ళ కోసమన్నమాట, అనుకున్నాడు ఏడుకొండలు. స్క్రూడ్రైవర్ మొనతో, అరిగిపోయిన ఆ గీతల్ని మళ్ళీ లోతుగా గీయసాగాడు.

చూస్తూ నిలబడ్డ కాలేషా అన్నాడు:

"బోర్డు రాసేవాడితో చెప్పు. నా పేరు పైన మా ఉస్తాద్ పేరు కూడా రాయమను."