వెయ్యిన్ని తొమ్మిది విస్తళ్లు

మందారగిరి ప్రభువు కందర్పదేవుడికి ఉన్నట్టుండి ఓ సరదా పుట్టింది.

"రేపటి పండిత సంతర్పణలో బంతులన్నీ సరిసమానంగా ఉండాలి. ఒక బంతిలో ఒక్క విస్తరి ఎక్కువైనా ఊరుకోను!" అన్నాడు.

ఆస్థాన గణకుడు త్రిలోచన సోమయాజి చెవులు నిక్కాయి. వడ్డనల పెద్ద పేరిభొట్లంటే ఆయనకు ఒళ్లుమంట. పోయిన సంతర్పణలో అందరికీ వేసినంత నెయ్యే తనకూ వేశాడట! గరిటెడు నేతికి ఇంత పగా అనకండి. చదువు ముదిరితే అంతే.

"పిలుపులు నాకు వదిలెయ్యండి ప్రభూ," అని, తనతో కలిపి సరిగ్గా వెయ్యిన్ని తొమ్మిది మందిని పిలిచాడు. "ఒక్కరిని పంపెయ్యకూడదు, ఒక్కరిని చేర్చకూడదు. అందరినీ ఒకే బంతిలో కుక్కినా, మనిషికో బంతి వేసినా చెల్లదు. తప్పితే పేరిభొట్లు కొలువు వదిలి పోవాలి."

రాజు సరేనన్నాడు. ఆయనదేం పోయింది!

పేరిభొట్లు ఇంటికొచ్చి చింతపిక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. రెండేసి పేరిస్తే ఒకటి మిగిలింది. మూడేసి పేర్చినా ఒకటే. ఐదేసి పేరిస్తే నాలుగు, ఏడేసి పేరిస్తే మళ్లీ ఒకటి. ముప్ఫై ఒకటి దాకా తంటాలు పడ్డాడు. ఏ లెక్కకూ లొంగని మొండిఘటం ఆ సంఖ్య! పాతికేళ్లుగా వడ్డన తప్ప మరో పని తెలియనివాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

భార్య సుందరమ్మ తొంగిచూసింది. "రెండేసి పేర్చినా, ఏడేసి పేర్చినా ఆ ఒక్క పిక్కేగా మీ ప్రాణం తీస్తోంది? దాన్ని కాస్త ఎత్తుమీద కూర్చోబెట్టండి, సంతోషిస్తుంది!"

పేరిభొట్లు గబుక్కున లేచి నిలబడ్డాడు.

మర్నాడు భోజనశాలలో రాజుగారి పక్కన ఎత్తుపీట ఒకటి, దాని ముందు వెండికంచం.

"ఇది ఈ సభలోకెల్లా గొప్ప పండితుడికి!" అని పేరిభొట్లు కేకేశాడు.

మొహమాటంతో ఎవరూ కదల్లేదు. సోమయాజికి ఆ జబ్బు లేదు. ఉత్తరీయం సర్దుకుని వెళ్లి దర్జాగా కూర్చున్నాడు. మిగిలినవాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నారు.

"ఇక లెక్క చూడండి ప్రభూ!" అన్నాడు సోమయాజి మీసం మెలేస్తూ.

రాజు లెక్కపెట్టించాడు. పదహారు బంతులు. బంతికి అరవై మూడు విస్తళ్లు. ఎక్కడా ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

సోమయాజి ముఖం మాడిపోయింది. "మోసం! వచ్చింది వెయ్యిన్ని తొమ్మిది మందిమి. మరి నేనేడీ? నన్ను ఏ బంతిలో వేశావురా?"

పేరిభొట్లు చేతులు కట్టుకుని వినయంగా వంగాడు.

"తమరు నలుగురితోపాటు బంతిలో కూర్చుంటానంటే భాగ్యమే స్వామీ. ఆ పీట తమకంటే గొప్పవారెవరికైనా ఇచ్చి, వారి విస్తరి తమకిస్తాను."

మాట పూర్తికాకముందే ముందు బంతిలో ఇద్దరు పండితులు సగం లేచారు.

సోమయాజి రెండు చేతులతో పీటను గట్టిగా పట్టుకున్నాడు.

రాజు పగలబడి నవ్వాడు. ఆయన వెనకే పదహారు బంతులూ నవ్వాయి. నవ్వుతూనే రాజు తన చేతి కంకణం తీసి పేరిభొట్లుకు తొడిగాడు.