రత్నమక్కా, నీళ్ళొచ్చాయి

కొండలరావు మాస్టారికి వాదించడం చేతకాదు. విశాఖపట్నంలో ఒక మేడ మీది గదిలో పదిహేనేళ్ళుగా వీడియోగేములు తయారుచెయ్యడం నేర్పుతున్నారు. ఇన్నేళ్ళలో ఏ శిష్యుడికీ ‘ఇది తప్పు, ఇది ఒప్పు’ అని తేల్చి చెప్పిన పాపాన పోలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతారు. అలా పెట్టారంటే ఎక్కడో జరిగిన ఏదో ఒక సంగతి వినక తప్పదు. పని తొందరలో ఉన్నవాళ్ళు ఆ కళ్ళజోడు కదలకముందే లేచి వెళ్ళిపోతుంటారు.

ఆ మధ్యాహ్నం ఆయన శిష్యురాలు హైమవతికి లేచి వెళ్ళే దారి లేదు. సాయంత్రం ఐదింటిలోగా ఆమె ఒక కంపెనీకి జవాబు రాయాలి. ఆమె తయారుచేసిన ఆటను ఆ కంపెనీ తీసుకుంటానంది, ఒక్క షరతు మీద: అందులోంచి నీళ్ళ లెవెల్ తీసెయ్యాలి. ఆడి చూసినవాళ్ళంతా నేల మీద హాయిగా పరుగులు పెట్టి, నీళ్ళలోకి దిగగానే తిట్టుకున్నారట. కాళ్ళ కింద నేల ఉండదు, నొక్కిన బటను వెంటనే పలకదు, ఊపిరి అయిపోవస్తుంటే వెనక వచ్చే సంగీతం గుండెదడ పుట్టిస్తుంది. సగంమంది అక్కడే ఆపేశారు. ఆ ఒక్క లెవెల్ కోసం హైమ ఐదు నెలలు కూర్చుంది. మొత్తం ఆటలో ఆమెకు ప్రాణం లాంటిది అదే. కానీ ఇది ఆమె మొదటి ఆట, చేజారితే ఇంకొకరెవరు పిలిచి అవకాశం ఇస్తారు? తీసేస్తానని మెయిలు అప్పుడే రాసి ఉంచుకుంది కూడా. పంపడానికి మనసు రాక, మాస్టారి చేత ‘సరే’ అనిపించుకుంటే ఆ పాపంలో సగం ఆయన ఖాతాలో పడుతుందని వచ్చింది.

“అందరూ తిట్టుకునే చోటును ఆటలో ఎందుకు ఉంచాలి మాస్టారూ?” అని అడిగింది.

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన చెప్పింది ఇది.

ముప్పై ఏళ్ళ కిందట అనకాపల్లిలో సాంబమూర్తి గారని ఒకాయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చి టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతే, ఆయన వెనక గదిలో ఒక టీవీ, ఒక వీడియోగేమ్ పెట్టి గంట లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ముందు గదిలో ఆడపిల్లలు లోయరూ హయ్యరూ పరీక్షలకు మిషన్లు టకటకలాడిస్తుంటే, వెనక గదిలో ఇంటర్ తప్పిన నలుగురు కుర్రాళ్ళు లోకాన్ని ఉద్ధరిస్తుండేవారు. ఆ నలుగురిలో కొండలరావు ఒకడు. వాళ్ళకొక చట్టం ఉండేది. పాత నల్లబోర్డు మీద నలుగురి పేర్లూ సుద్దతో వరసగా రాసుకున్నారు. ఆటలో ఒక లైఫ్ పోయిందంటే రిమోటు వరసలో తరవాతివాడి చేతికి పోవాలి.

నేల మీద నలుగురూ పులులే. నీళ్ళ లెవెల్ వచ్చేసరికి పిల్లులయిపోయేవారు. అక్కడ బొమ్మ మునగకుండా ఉండాలంటే బటను నొక్కుతూనే ఉండాలి. వీళ్ళు కంగారుపడి దబదబా బాదితే బొమ్మ ఎగిరి పైనున్న ముళ్ళకు తగిలేది, భయపడి ఆపితే అడుగుకు పోయేది. ఒకరోజు మిషను ఖాళీ లేక గుమ్మంలో నిలబడ్డ నూకరత్నం అనే అమ్మాయి ఇది చూసి, అలా బాదకండి, సమంగా కొట్టండి అంది. వీళ్ళకంటే రెండేళ్ళు పెద్దది, హయ్యరు పరీక్షకు చదువుతోంది. సాంబమూర్తి గారు బల్ల మీద బెత్తంతో తాళం వేస్తుంటే ప్రతి అక్షరాన్నీ ఒకే బరువుతో కొట్టడం నేర్చుకున్న చెయ్యి ఆమెది. ఏదీ, నువ్వు కొట్టు చూద్దాం అని రిమోటు ఇచ్చారు. బొమ్మ చేపపిల్లలా ఈదుకుంటూ పోయి అవతలి ఒడ్డున తేలింది. ఒడ్డు తగలగానే కొండలరావు చెయ్యి చాచాడు. ఆమె రిమోటు ఇచ్చేసింది.

ఆ రోజునుంచి అదే మామూలైపోయింది. ఆట నీళ్ళ దగ్గరకు రాగానే “రత్నమక్కా, నీళ్ళొచ్చాయి” అని వీధికొళాయి దగ్గర పిలిచినట్టు కేకేసేవారు. ఆమె మిషనులో కాగితం ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చి, దాటించి, రిమోటు చాచిన చేతిలో పెట్టి వెళ్ళిపోయేది. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న. ఒడ్డు అవతలి ఆట ఆమె ఒక్కనాడూ ఆడలేదు. ఒకసారి తన పేరు కూడా బోర్డు మీద రాయమని అడిగింది. నేల మీద ఆటకు చురుకు కావాలక్కా, నీకెందుకీ గోల అని నవ్వేశారు. ఆ మాట అన్నది ఎవరో కాదు, కొండలరావే.

ఆ వేసవిలో ఒకరోజు, అంతకుముందు ఎన్నడూ పోనంత దూరం పోయారు. ఆఖరి కోట ఒక్కటే మిగిలింది. దాని ముందు పెద్ద నీళ్ళ లెవెల్, మిగిలినది ఒకే ఒక్క లైఫ్. రత్నమక్కను పిలిచారు. ఆమె వచ్చి, ముళ్ళు తప్పించుకుంటూ, బుడగలు లేచిన చోటల్లా బొమ్మకు ఊపిరి అందిస్తూ ఒడ్డుదాకా తెచ్చింది. కొండలరావు చెయ్యి చాచాడు. బొమ్మ ఒడ్డెక్కలేదు. ఆఖరి బుడగల దగ్గర నీళ్ళ మధ్య నిలిచిపోయింది. ఆమె వేలు మాత్రం సమంగా కొడుతూనే ఉంది.

“బోర్డు మీద నా పేరు రాయండి,” అంది టీవీ మీంచి చూపు తిప్పకుండా. “రాసేదాకా ఈడు ఇక్కడే ఉంటాడు.”

మొదట నవ్వారు. తరవాత బతిమాలారు. ఆ పైన కోపం వచ్చింది. లాక్కుందామంటే, ఆ వేలు ఆగితే బొమ్మ మునుగుతుంది, ఉన్న ఒక్క లైఫూ పోతుంది. సుద్దముక్క కొండలరావు చేతికి అందేంత దూరంలోనే ఉంది. నాలుగు పేర్ల కింద అయిదో పేరు రాస్తే వాళ్ళ తాతల సొమ్మేమీ పోదు. అయినా అతని చెయ్యి లేవలేదు. పావుగంట అలాగే గడిచింది. ముందు గదిలో మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగి, ఆడపిల్లలంతా గుమ్మంలో చేరారు. సాంబమూర్తి గారూ వచ్చారు. ఆయన టీవీ వంక చూడనే లేదు, ఆమె చేతి వంకే చూస్తూ నిలబడ్డారు.

నలుగురిలోకీ మొండివాడు సన్యాసిరావు. వాడు వెళ్ళి టీవీ వెనక ప్లగ్గు పట్టుకుని, ఇస్తావా, పీకెయ్యమంటావా అక్కా అన్నాడు.

“పీకెయ్,” అంది నూకరత్నం. “నాకు లేని ఒడ్డు మీకూ ఉండదు.”

వాడు పీకేశాడు. ఆ వీడియోగేమ్ పెట్టెకు ఆడినంత ఆట దాచి ఉంచే తెలివి లేదు, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాల్సిందే. ఆమె రిమోటు బల్ల మీద పెట్టి, ముందు గదిలోకి పోయి, మిషనులో కాగితం సరిచేసుకుని టైపు కొట్టుకుంది.

మర్నాడు వీళ్ళు మళ్ళీ మొదలుపెట్టి, మొదటి నీళ్ళ దాకా వచ్చి, సిగ్గు లేకుండా కేకేశారు. ముందు గదిలో ఆమె మిషను చప్పుడు ఆగలేదు. ఇంకా గట్టిగా కేకేశారు. ఆగలేదు సరికదా, ఒక్క అక్షరం తడబడలేదు. ఆమె ఫస్టుక్లాసులో హయ్యరు పాసై ఆ ఇన్‌స్టిట్యూట్ గడప దాటిపోయేదాకా రోజూ పిలుస్తూనే ఉన్నారు. ఆమె లేకుండా ఆ మొదటి నీళ్ళు వాళ్ళు ఒక్కసారీ దాటలేదు. ఆఖరి కోట ఎలా ఉంటుందో నలుగురిలో ఎవడికీ ఈనాటికీ తెలియదు.

మాస్టారు అక్కడితో ఆపారు. హైమకు ఒళ్ళు మండిపోయింది. ప్లగ్గు పీకినవాడి మీద కంటే, ఎదురుగా తెల్లజుట్టుతో పెద్దమనిషిలా కూర్చున్న ఈయన మీద ఎక్కువ మండింది. సుద్దముక్క పక్కనే ఉంటే మీరెందుకు రాయలేదని మొహం మీదే అడిగేసింది. రాయలేదమ్మా అన్నారాయన.

హైమ ఫోను తీసింది. తీసేస్తానని రాసుకున్న మెయిలు ఉంది. చదివితే అదెవరో పిరికిది రాసినట్టు అనిపించింది. దాన్ని చెరిపేసి, లేచి నిలబడి కొత్తది రాసింది: ‘నీళ్ళు ఉంటాయి. తిట్టుకునేవాళ్ళను తిట్టుకోనివ్వండి. నీళ్ళు వద్దనుకుంటే ఆటే వద్దనుకోండి.’ వెంటనే పంపేసింది. ఇంక చేయగలిగింది లేదు. పోతే పోయింది అనుకుంది, అనుకోగానే భయం కూడా వేసింది. ఆ భయంలోనే మళ్ళీ మాస్టారి మీద విసుక్కుంది. నేనడిగింది ఒకటి, మీరు చెప్పింది ఒకటి, తిట్టుకునే చోటును ఎందుకు ఉంచాలో మీరు చెప్పనే లేదంది.

మాస్టారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఆమె వెళ్ళిపోయాక ఇంకో ఏడాది ఆడాం. నేల మీద ఆటంతా మేమే ఆడుకున్నాం,” అన్నారు. “ఆ నీళ్ళది ఏ రంగని అడుగు, ఇప్పుడే కలిపి చూపిస్తాను. నేల ఏ రంగో గుర్తులేదమ్మా.”