భద్రం షెడ్డులో విరిగిన పిస్టన్

గవరయ్య కొన్న సెకండ్‌హ్యాండ్ మట్టి తవ్వే బండి నెల తిరక్కుండానే మొరాయించింది. ఊరంతా ఇంజిన్ల డాక్టరని పొగిడే భద్రం మేస్త్రీ విరిగిన పిస్టనొకటి చూపించి, “ఇది ఇప్పుడే నీ బండిలోంచి తీశాను. ఇంజిన్ చచ్చింది, మొత్తం మార్చాల్సిందే!” అన్నాడు.

గవరయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడే ఇంజిన్లోంచి తీసిందట, వేలికి చుక్క ఆయిలైనా అంటలేదు! అనుమానం పైకి కనపడనీయకుండా, “అలాగే మార్చండి. పాత సామాను బండిగలవాడిదేగా, ఇది పట్టుకెళ్తాను. చూపించకపోతే మా ఆవిడ నమ్మదు,” అంటూ సంచిలో వేసుకున్నాడు.

భద్రం కంగారుపడ్డాడు. “ఆ విరిగిన ముక్క నీకెందుకయ్యా?”

“మరి మీకెందుకండీ?”

భద్రం స్పానర్ అందుకున్నాడు. “ఉండు, ఇంజిన్ మరోసారి చూస్తాను.”

ఒక్క గ్యాస్కెట్ మార్చగానే పాత ఇంజినే గుర్రుమంది. గవరయ్య పిస్టన్ మాత్రం తిరిగివ్వలేదు. ఆ తర్వాత భద్రం షెడ్డులో మరే ఇంజినూ చావలేదు.