బీరపాదు దాచుకున్న కాయ

ఒకప్పుడు బీరపాదుకి దాపరికం అంటే ఏమిటో తెలియదు. దాని ఆకులు చింతాకు కంటే కాస్త పెద్దవి, అంతే. అవి కాయల కింద ఎక్కడో అణిగి ఉండేవి. కాయలు మాత్రం దడి మీద, పందిరి మీద, అందరికీ కనిపించేలా దర్జాగా కూర్చునేవి. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి, ఇది రేపటికి కోతకొస్తుంది, అది ఎల్లుండికి, అని చెప్పుకుంటూ పోయేవారు.

ఇంటివాళ్ళు కూరకి కావలసినన్ని కోసుకునేవారు. మిగిలినవి పాదు మీదే ముదిరి, ఎండి, గింజలయ్యేవి. తొలకరి పడగానే ఆ గింజలే మళ్ళీ మొలిచేవి. ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సవ్యంగా జరిగే పనిని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి?

ఆ రోజుల్లో ఒక ఊళ్ళో వెంకాయమ్మ, బుల్లెమ్మ అని ఇద్దరు ఇరుగుపొరుగులు ఉండేవారు. రెండు పెరళ్ళకీ మధ్య ఒకటే దడి. వాళ్ళకి చుట్టరికం లేదు గానీ, ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకునేవారు. ఎంత తియ్యగా వదినా అంటే అంత పెద్ద గొప్ప చెప్పబోతున్నారని అర్థం.

బీరపూలు విచ్చుకునే వేళకి, అంటే పొద్దు వాలాక, ఇద్దరూ దడి దగ్గరికి చేరేవారు. వెంకాయమ్మ చేతిలో చేట, బుల్లెమ్మ చేతిలో బుట్ట. చేటలో పుచ్చు వంకాయలుంటే వెంకాయమ్మ పుచ్చు కిందికి తిప్పి పెట్టేది. బుట్ట నిండకపోతే బుల్లెమ్మ అడుగున గడ్డి పరిచి, పైన దొండకాయలు పోసేది. గడ్డి సంగతి వెంకాయమ్మకి తెలుసు. పుచ్చుల సంగతి బుల్లెమ్మకి తెలుసు. అయినా ఇద్దరూ బుగ్గలు నొక్కుకుని, ఎంత బాగా కాశాయో అని మెచ్చుకునేవారు.

బాగా కాస్తే అది తమ చేతి చలవ. కాయకపోతే మాత్రం తప్పంతా అవతలి పెరట్లోదే. వెంకాయమ్మ చిక్కుడుకి పేను పడితే అది బుల్లెమ్మ దిష్టి. బుల్లెమ్మ ఆనపపిందె కుళ్ళి రాలితే, వెంకాయమ్మ దాన్ని వేలు పెట్టి చూపించిందన్నమాట. పిందెని చూపించేటప్పుడు వేలు మడిచి చూపించాలని ఆవిడకి తెలియదా అని ఎవరో అడిగారు. తెలుసు కాబట్టే చాచి చూపించింది అని బుల్లెమ్మ ఊరంతా చెప్పుకొచ్చింది.

ఇలా సరదాగా సాగుతున్న పోటీ ఒకనాడు బీరకాయల మీదికి మళ్ళింది. ఆ సాయంత్రం బుల్లెమ్మ బుట్టలో గడ్డి లేదు. అడుగునుంచీ బీరకాయలే.

వెంకాయమ్మకి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు తన పాదు మీది పెద్ద కాయలన్నీ కోసి చేట నింపింది. ఆ మర్నాడు బుల్లెమ్మ నడిమి కాయలు కూడా కోసేసింది. పెద్దవి అయిపోయాక ఇద్దరూ పంథా మార్చారు. ఇప్పుడు ఎవరి కాయ ఎంత లేతగా ఉంటే వాళ్ళది అంత గొప్ప. మా కాయలో గింజ పడనే లేదు వదినా అని ఒకావిడంటే, మా కాయ పువ్వు ఇంకా రాలనే లేదు వదినా అని రెండో ఆవిడ అనేది.

ఆ రెండిళ్ళల్లో పొద్దున బీరకాయ కూర, మధ్యాహ్నం బీరకాయ పచ్చడి, సాయంత్రం బీరకాయ బజ్జీ, ఏమీ తోచకపోతే బీరపొట్టు పచ్చడి. వాళ్ళ మొగుళ్ళు దడికి చెరో వైపు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆవుకి పెడితే ఆవు తల తిప్పుకుంది. పాపం, దానికైనా ఎన్నాళ్ళని తినబుద్ధవుతుంది. ఈ పోటీ చూసి మిగతా ఊరికి కూడా పిచ్చి పట్టింది. ఏ దడి దగ్గర చూసినా చేటలూ బుట్టలే.

వెంకాయమ్మ పెరట్లోని బీరపాదుకి గుబులు పుట్టింది. ఒకరోజు ఆవిడ చెయ్యి చాచగానే నోరు విప్పి అడిగింది.

"అమ్మా, ఒక్క కాయ వదిలెయ్యి. ఈ చలి వెళ్ళేసరికి నేను ఎండిపోతాను. మళ్ళీ తొలకరికి నా బదులు మొలవడానికి గింజ ఉండాలి కదా."

"అలాగేలేవే, రేపు వదులుతాను," అంది వెంకాయమ్మ, కాయ కోస్తూ.

మర్నాడు అడిగితే మళ్ళీ రేపు అంది. ఆ మర్నాడు కూడా అదే మాట. ఆవిడ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. రేపు నిజంగానే వదులుదామనుకునేది. తీరా రేపు వచ్చేసరికి దడి అవతల బుల్లెమ్మ బుట్ట కనిపించేది.

ఇంతలో బుల్లెమ్మ పాదు జబ్బుపడింది. పిందెలన్నీ పోగొట్టుకుని, ఆకులు పసుపు తిరిగి, దడి మీద వేలాడిపోయింది. ఆ రెండు పాదులూ ఒకే కాయ గింజల నుంచి మొలిచినవి, అక్కచెల్లెళ్ళు.

"నాకొక్కటీ మిగల్లేదక్కా," అంది చెల్లెలు పాదు. "నువ్వైనా ఒకటి దక్కించుకో."

ఆ మాట అని అది ఎండిపోయింది. అక్క పాదుకి చాలా దుఃఖం వచ్చింది. దుఃఖం కంటే ఎక్కువగా భయం వేసింది. తన మీద కూడా ఇంక పిందెలు లేవు. ఒక్క పువ్వు మాత్రం మిగిలింది.

పెరట్లో అందరినీ సలహా అడిగింది. వంకాయ, పుచ్చు పట్టించుకో, నిన్నెవరూ ముట్టుకోరు అంది. పుచ్చైనా వెంకాయమ్మ చేటలో తిరగేసి పెట్టేస్తుంది, అయినా కోత తప్పదు అంది బీరపాదు. బెండకాయ, ఒక్క పూటలో ముదిరిపో అంది. అది తన వల్ల కాదంది బీరపాదు, తనది నెమ్మది ఒళ్ళు. చివరికి కాకరపాదుని అడిగింది.

కాకరపాదు దీర్ఘంగా నిట్టూర్చింది. ఎవరూ తినకూడదనే తను ఒళ్ళంతా చేదు చేసుకుందట. ఇప్పుడు బెల్లం వేసి వండుతున్నారట.

బీరపాదు దిక్కుతోచక ఏడుస్తూ కూర్చుంది. అప్పుడు కింద నుంచి ఎవరో దగ్గారు. చూస్తే, దాని ఆకు.

"అందరినీ అడిగావు. నన్ను అడగాలని తోచలేదా?" అంది ఆకు.

ఆకుకి చాలాకాలంగా కోపం ఉంది. ఎండలో నిలబడి అన్నం వండిపెట్టేది తను. మెప్పులన్నీ కాయకి. ఆ ఇద్దరూ దడి దగ్గర గంటల తరబడి మాట్లాడుకుంటారు కదా, ఏనాడైనా మా పాదుకి ఎంత మంచి ఆకు వేసిందో అని ఒక్కరన్నారా? ఏ చేటలోనైనా ఒక్క ఆకుని పెట్టి చూపించారా? ఇవన్నీ అడిగి కడిగేసింది. బీరపాదు తల వంచుకుని వింది.

కోపమంతా తీరాక ఆకు, నన్ను కాయ పైకి రానివ్వు, మిగతాది నేను చూసుకుంటాను అంది.

బీరపాదు తన ఒంట్లో మిగిలిన సత్తువంతా ఆకులకి ఇచ్చింది. ఆకులు అరచేతులంత పెరిగాయి, తర్వాత విస్తట్లో వేసే అప్పడాలంత పెరిగాయి. కింద ఉన్నవి పైకెక్కాయి. ఎవరైనా చెయ్యి పెడితే గీరుకుపోయేలా ఒళ్ళు గరుకు చేసుకున్నాయి. ఆ చివరి పువ్వు పిందె కట్టగానే అన్నిటికంటే పెద్ద ఆకు దాని మీద బోర్లా పడుకుంది.

అసలు తంటా ఇక్కడ మొదలైంది. పిందె ఊరుకోదే! అది పొగడ్తలు వింటూ పెరిగిన వంశం. ఆకు కింద ఉంటే తన అందం ఎవరికి కనిపిస్తుంది?

ఒక సాయంత్రం వెంకాయమ్మ ఉత్త చేటతో దడి దగ్గరికి వచ్చింది. మా పాదు కూడా ఉడిగిపోయింది వదినా, ఒక్కటంటే ఒక్కటి లేదు అని వాపోయింది. ఆ మాటకి ఆకు కింద కాయకి పౌరుషం వచ్చింది. నేను లేనా అని తల బయటికి పెట్టబోయింది. ఆకు దాన్ని గట్టిగా అదిమి పట్టింది.

"ఒక్కసారి కనిపిస్తే మెచ్చుకుంటారు," అంది కాయ.

"మెచ్చుకుంటారు. ఆ తర్వాత శనగపప్పు నానబోస్తారు," అంది ఆకు.

కాయ కాసేపు ఆలోచించుకుంది. తల లోపలికి లాక్కుంది. ఆ తర్వాత ఎన్ని రోజులైనా కిక్కురుమనలేదు.

వెంకాయమ్మ మాత్రం వెతకడం మానలేదు. రోజూ వచ్చేది, ఆకులు తిప్పేది, చేతులు గీరుకుపోయి తిట్టుకునేది. కుడివైపు తిప్పితే కాయ ఎడమకి జరిగేది. ఎడమవైపు తిప్పితే కాడల మధ్య నిటారుగా వేలాడి, తనూ ఒక కాడలాగే ఉండిపోయేది. కాయ ముక్కు ముందు నుంచే ఆవిడ చెయ్యి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఆవిడకీ విసుగొచ్చి, ఆ వైపు రావడం మానేసింది.

చలి వెళ్ళింది. పాదు ఎండింది. కాయ ముదిరి, పచ్చరంగు పోయి, గోధుమరంగు తిరిగి, పీచు కట్టింది. ఆకు కూడా ఎండింది గానీ కాయని వదల్లేదు. ఎండిన పాదుని ఎవరు చూస్తారు? అది అలాగే దడి మీద వేసవంతా వేలాడింది.

తొలకరి మబ్బు పట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా బూడిదలో కలిపి గింజలు దాచే చట్టీలు దించారు. ఆనప గింజలున్నాయి, దోస గింజలున్నాయి, బీర గింజల చట్టీలో మాత్రం ఉత్త బూడిద ఉంది. ఒకరినొకరు అడిగారు. ఎవరి దగ్గరా లేవు. ఎవరి కాయలో గింజ పడనిచ్చారు గనక?

వెంకాయమ్మ ఉత్త చట్టీ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. పాదు ఒక్క కాయ వదలమని అడగడం ఆవిడకి గుర్తుకొచ్చింది. సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు కోపం తెచ్చుకోవడం ఆవిడకి అలవాటు. ఈ ఎండుపాదు పొయ్యిలోకైనా పనికొస్తుందని దాన్ని పట్టుకుని విసురుగా లాగింది.

పాదు దడి అవతలికి కూడా పాకి ఉంది. దాన్ని లాగేసరికి ఎండుటాకు పొడిపొడి అయిపోయింది. దాని చాటు నుంచి మూరెడు కాయ బుల్లెమ్మ వైపుకి వేలాడింది. బుల్లెమ్మ అప్పుడు అక్కడే ఉంది. ఆ గరుకు పీచుకాయని చూసి పగలబడి నవ్వి, లేత కాయల వదినగారి పంట ఇదా అంది. నవ్వుతూనే దాన్ని వేలితో తట్టింది.

కాయ గలగలలాడింది.

బుల్లెమ్మ నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్ళకి మొదటిసారి, గొప్పలేవీ లేకుండా వట్టిగా పిలిచింది.

"వదినా, లాగకు. ఇందులో గింజలున్నాయి."

వెంకాయమ్మ ఆగింది. ఒక్క క్షణం ఇద్దరూ ఆ కాయనే చూస్తూ ఉండిపోయారు. ఆ క్షణం అలాగే ఉండిపోతే ఎంత బాగుండేది. కానీ వెంకాయమ్మ, వేరు మా పెరట్లో ఉంది కాబట్టి కాయ మాది అంది. కాయ మా పెరట్లో ఉంది కాబట్టి మాదే అంది బుల్లెమ్మ. వెంకాయమ్మ పాదుని ఇటు లాగింది. బుల్లెమ్మ కాయని అటు లాగింది.

సరిగ్గా దడి మీదికి వచ్చేసరికి కాయ కొసనున్న చిన్న మూత టప్పున ఊడింది. నల్లటి గింజలు జలజలా రాలాయి, సగం అటు, సగం ఇటు. కాయ నడుముకి చిరిగి పీచు కూడా చెరి సగం వాళ్ళ చేతుల్లో మిగిలింది. అంతలోనే వాన మొదలైంది. ఏరుకుందామన్నా వీలు లేకుండా గింజలు మట్టిలో దిగబడిపోయాయి.

ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు. ముందు బుల్లెమ్మకి నవ్వొచ్చింది, తర్వాత వెంకాయమ్మకి. చేతిలో పీచు ఉంది, పైన వాన ఉంది. ఆ పీచుతోనే బురద కాళ్ళు రుద్దుకుని లోపలికి పోయారు.

ఆ ఏడు దడికి రెండు వైపులా బీరపాదులు మొలిచాయి. ఇద్దరూ దడి మీద చెయ్యి వేసి, ఇక మీదట పాదుకో కాయ తప్పకుండా వదిలేస్తామని ఒట్టు పెట్టుకున్నారు. కొత్త పాదులు ఆ ఒట్టు విన్నాయి. వాటికి 'రేపు' అన్న మాట గింజలోనే గుర్తుంది. ఆకులు మరికాస్త పెద్దవి చేసుకున్నాయి.

వెంకాయమ్మ, బుల్లెమ్మ గొప్పలు మానేశారా అని అడుగుతారేమో. మానలేదు. ఎవరి పాదు ఎంత పెద్ద కాయ దాచిందో అని ఇప్పుడు దాని మీద పోటీ.

అప్పటినుంచే బీరపాదు అప్పడాలంత గరుకు ఆకులు వేసి, మనం ఎంత వెతికినా ఒక్క కాయని వాటి చాటున దాచుకుంటుంది. అది బాగా ముదిరాక ఎప్పుడో మన కంట పడుతుంది. నిన్న కూడా ఇక్కడే చూశానే అని మీ అమ్మ అంటుంది. చూసింది, నిజమే. ఆ కాయ మాత్రం మనది కాదు, పాదుది.