చిన్నకొంగ పసుపు జోళ్ళు

ఒకప్పుడు చిన్నకొంగ పాదాలు ఇప్పటిలా ఉండేవి కావు. కాళ్ళు ఎంత నలుపో, పాదాలూ అంతే నలుపు. పైగా ఆ పాదాలు వెన్నముద్దల్లా మెత్తగా ఉండేవి. ఎందుకుండవు మరి? ఆ రోజుల్లో కొంగలు నీళ్ళలో దిగేవే కావు. గట్టు మీద నిలబడి, మెడ చాచి, ఒడ్డుకొచ్చిన చేపను ముక్కున కరుచుకునేవి. కాలు తడవకుండానే కడుపు నిండేది.

వానాకాలం అలా గడిచిపోయేది. చలికాలమూ అలాగే గడిచేది. చిక్కంతా ఎండాకాలంతోనే.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. ఏరు చిక్కి చిక్కి, నడుమ ఒక మడుగై కూర్చుంది. గట్టుకీ నీళ్ళకీ మధ్య ఇసుక పెనంలా కాలుతోంది. చేపలన్నీ చల్లదనం వెతుక్కుంటూ మడుగు నడిమికి పోయాయి. గట్టు మీద నుంచి ఎంత మెడ చాచినా అందవు.

ఆ గట్టు మీద తుమ్మచెట్టులో సన్నమ్మ అనే చిన్నకొంగ కాపురం ఉండేది. మొగుడు నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు, తొలకరికి గాని తిరిగి రాడు. గూట్లో ఇద్దరు పసిపిల్లలు, ఒక ముసలి అత్త. పిల్లలకి ఒకటే పాట, "అమ్మా చేప, అమ్మా చేప." కొంగపిల్లలు తల్లి నోట్లో నోరు పెట్టి తింటాయి. ఇంకెవరు పెట్టినా నోరు తెరవవు. అంచేత అత్త ఉన్నా, చేప తేవలసింది సన్నమ్మే, పెట్టవలసిందీ సన్నమ్మే.

ఏమైతే అదయిందని సన్నమ్మ ఒకరోజు మడుగులోకి దిగింది. మొదటి అడుగు నాచు పట్టిన రాయి మీద పడి జర్రున జారింది. రెండో అడుగు ఏట్లో కొట్టుకొచ్చిన ముళ్ళకంప మీద పడింది. అరికాల్లో ముల్లు దిగింది.

మడుగులో చిట్టి చేపలు, పరిగెపిల్లలు, పొట్ట పట్టుకుని నవ్వాయి.

"సన్నమ్మత్తా, నీకెందుకమ్మా ఈ నీళ్ళ పని? గట్టెక్కి కూచో, మేం చూడ్డానికొస్తాంలే" అన్నాయి.

సన్నమ్మ కుంటుకుంటూ ఒడ్డెక్కింది. "ఉండండి మీ పని చెప్తా" అనుకుని, తిన్నగా పీత పైడయ్య దగ్గరికి వెళ్ళింది.

పైడయ్య రాతి కింద బొరియలో ఉంటాడు. ఆ ఏటి మొత్తానికి చెప్పులు కుట్టేది అతనే. కత్తెరలు రెండూ పుట్టుకతోనే వచ్చాయి, వేరే పనిముట్లు అక్కర్లేదు. అయినా ఎనిమిది కాళ్ళవాడికి చెప్పుల సంగతి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

కొంగ నీడ పడగానే పైడయ్య సగం లోపలికి జారుకున్నాడు.

"తాతా, నేనే సన్నమ్మని. ఎండాకాలం నీళ్ళలో దిగి చేపలు పట్టాలి. నాకో జోడు కుట్టిపెట్టు."

"కుడతాను గానీ మనవరాలా, నన్ను ముక్కుతో పొడవనని ముందు ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టు తాతా."

"నా మీద ఒట్టేసి నన్నే తింటే, ఇంక అడిగేవాడెవడు? నీ ముక్కు మీద ఎయ్యి ఒట్టు."

సన్నమ్మ ముక్కు మీద కాలి వేలు పెట్టుకుని ఒట్టేసింది. అప్పుడు బయటికొచ్చాడు పైడయ్య.

"నీళ్ళలోకి కదా. కాలు తడవకుండా ఉండాల" అని కాసేపు ఆలోచించాడు. తామరాకు తెచ్చి కత్తిరించి, చక్కటి చెప్పులు కుట్టాడు. "తామరాకు మీద నీటిబొట్టు నిలవదు. ఎళ్ళు, ఎళ్ళి చేపలు పట్టుకో."

సన్నమ్మ వేసుకుని దిగింది. ఆకు నున్నన, నాచు నున్నన. ఈ ఒడ్డున కాలు పెట్టిన మనిషి ఆ ఒడ్డున తేలింది. తామరాకు తడవలేదు, మాట నిజమే. సన్నమ్మ మాత్రం మెడ దాకా తడిసింది.

"ఆకు పనికిరాదు, కర్ర కావాల" అన్నాడు పైడయ్య. బూరుగుచెక్క తెచ్చి పాంకోళ్ళు చెక్కాడు. ముల్లు దిగదు, రాయి గుచ్చుకోదు. అంతా బాగుంది కానీ కర్ర నీళ్ళలో తేలుతుందన్న మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. సన్నమ్మ దిగీ దిగగానే పాంకోళ్ళు పైకి లేచాయి, తల కిందికి పోయింది. పరిగెపిల్లలు ఎదురొచ్చి పలకరించాయి.

"ఏంటత్తా, తలకిందులుగా వచ్చావు? చుట్టపు చూపుకా?"

నోట్లో నీళ్ళు పోవడంతో సన్నమ్మ జవాబు చెప్పలేకపోయింది. చెప్పగలిగి ఉంటే అది వినడానికి బాగుండేది కాదు.

మూడోసారి పైడయ్యకి రోషం వచ్చింది. ఎండిన సొరబుర్రలు రెండు తొలిచి, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు చేశాడు. చుట్టూ బంక పూశాడు. "చీమకైనా దారి లేదు. చుక్క నీరు పోతే నా పేరు పైడయ్య కాదు."

చుక్క నీరు పక్కల నుంచి పోలేదు. పై నుంచి కుండెడు పోయింది. నీళ్ళతో పాటు ఇసుకా పోయింది. బూట్లు ఏనుగు కాళ్ళంత బరువయ్యాయి, లోపల ఇసుక రుద్దుకుని కాలి తోలు లేచిపోయింది. సన్నమ్మ ఈడ్చుకుంటూ గట్టెక్కి బూటు వంచింది. లోంచి నీళ్ళతో పాటు ఒక కప్పపిల్ల దూకింది.

"పడవ అప్పుడే ఒడ్డుకొచ్చేసిందా? నా రేవు ఇంకా ముందుకుంది కదా" అంది కప్పపిల్ల చిరాగ్గా.

పైడయ్య నవ్వాపుకోలేకపోయాడు. సన్నమ్మకి మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకంటే గూట్లోంచి పిల్లల పాట ఇంకా వినిపిస్తూనే ఉంది, కానీ పొద్దున్న ఉన్నంత గట్టిగా లేదు. చిన్నదాని గొంతు అయితే అసలు వినపడడమే లేదు.

కన్నీళ్ళు రెక్కతో తుడుచుకుంటూ, సన్నమ్మ ఖాళీ సొరబుర్రల వంక చూసింది. చూసి చూసి అంది:

"తాతా, మనమే తెలివితక్కువ పని చేస్తున్నాం. నీళ్ళలోకి దిగుతూ నీళ్ళు రాకూడదంటే ఎలా? రానీ. వచ్చినవి వచ్చినట్టే పోవాలి, అంతే. ముల్లు దిగకుండా, కాలు జారకుండా ఉంటే చాలు. తడిస్తే తడవనీ."

పైడయ్య బుడగలు ఊదాడు. పీతలు ఆలోచించేటప్పుడు బుడగలు ఊదుతాయి.

"నిజమే మనవరాలా. నా ఎనిమిది కాళ్ళూ పుట్టినకాడ్నుంచి తడిసే ఉన్నాయి. నాకేం జలుబు చెయ్యలేదు కదా" అన్నాడు.

ఆ మాటతో పని మారిపోయింది. ఏట్లో కొట్టుకొచ్చిన కొబ్బరిడొక్క ఒకటి ఇసుకలో పడి ఉంది. పైడయ్య దాని పీచు లాగాడు. గరుకు పీచు నాచు రాయిని పట్టుకుంటుంది. సందులుంటాయి కాబట్టి నీళ్ళు వస్తాయి, పోతాయి. వేలి కొసలకి మాత్రం దట్టంగా ఉండాలి. అంత సన్నటి అల్లిక పీత కత్తెరల వల్ల కాదు. దానికి గిజిగాడు రావాలి.

గిజిగాడు పక్క ఈతచెట్టుకి గూడు వేలాడదీస్తున్నాడు. పిలిస్తే వచ్చాడు, కొంచెం బెట్టు చేస్తూనే వచ్చాడు.

"నా ముడి గాలివానకే ఊడదక్కా. ఏట్లో ఊడిపోతుందని భయపడకు" అన్నాడు.

అతను అల్లేలోగా పైడయ్య రేవు బండ దగ్గరికి పక్కవాటంగా పరిగెత్తాడు. ఆడవాళ్ళు స్నానాలు చేసి వెళ్ళాక ఆ బండ మీద పసుపు ఇంకా మిగిలి ఉంది. దాన్ని గీకి తెచ్చి పీచుకి పట్టించాడు. "పీచు కుళ్ళదు, నీ ముల్లు గాయమూ మానతాది" అన్నాడు. గిజిగాడు ఆ పసుపు జోళ్ళు సన్నమ్మ పాదాలకి తొడిగి, వేలు వేలుకీ ముడి వేశాడు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి.

సన్నమ్మ మడుగులో అడుగు పెట్టింది. జారలేదు. ఇంకో అడుగేసింది. ముళ్ళకంప కాలి కింద పటపట విరిగింది గాని గుచ్చుకోలేదు. చల్లటి నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి వచ్చాయి, వచ్చిన దారినే పోయాయి. ఎండాకాలం నీళ్ళలో కాళ్ళు పెడితే ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు దాకా కొంగ జాతికి తెలియదు.

పరిగెపిల్లలు నవ్వబోయి ఆగిపోయాయి. అన్నిటికంటే ఎక్కువ నవ్విన పరిగె అప్పటికే సన్నమ్మ గొంతులో ఉంది.

సన్నమ్మ ఒక్క ఎగురున గూటికి చేరింది. గూటి అంచున అత్త అడ్డంగా నిలబడి ఉంది. అత్తకి చూపు కాస్త మందం, నోరు మాత్రం మందం కాదు.

"ఆగక్కడ. కాళ్ళకేంటవి, అంత బురదగా?"

"జోళ్ళు అత్తా."

"జోళ్ళతో ఇంట్లోకే? మా అత్తగారి కాలం నుంచి ఈ గూట్లో చెప్పులతో అడుగుపెట్టినవాళ్ళు లేరు."

ఉండరు మరి. అంతకుముందు ఆ వంశంలో ఎవరికీ చెప్పులే లేవు. కానీ అత్తతో వాదించి గెలిచిన కోడలు ఏ చెట్టు మీదా లేదు. పైగా మాట న్యాయమైనదే. చెప్పులు గుమ్మం బయట విడవాలని సన్నమ్మకి మాత్రం తెలియదా? అత్త కాళ్ళ వెనక నుంచి పిల్లలిద్దరూ నోళ్ళు తెరిచి చూస్తున్నారు. చిన్నది మెడ నిలపలేక తల గూటి పుల్లల మీద వాల్చేసింది.

"ఇప్పుడే విప్పేసి వస్తా" అని సన్నమ్మ కిందికి ఎగిరింది.

ముడి పీకింది. రాలేదు. ముక్కుతో లాగింది. ఇంకా బిగిసింది. గిజిగాణ్ణి పిలిచింది.

"తమ్ముడూ, తొందరగా ఇవి విప్పు."

గిజిగాడు తెల్లబోయాడు. "విప్పడమా? నాకు అల్లడం ఒక్కటే వచ్చక్కా. మా తాత నేర్పలేదు, మా నాన్న నేర్పలేదు. గూడు కట్టాక ఎవడైనా విప్పుతాడా?"

పైడయ్య కత్తెర ఎత్తాడు, మళ్ళీ దించేశాడు. "ఎయ్యలేను తల్లీ. పీచుతో పాటు వేలూ తెగిపోతాది."

కాళ్ళకున్న జోడు చేప తెచ్చింది, ఆ జోడే పిల్లల దగ్గరికి పోనివ్వడం లేదు. ఏం చెయ్యాలో తోచక మడుగులోకి దిగి, తడికైనా ముడి వదులవుతుందేమోనని ఒక కాలు ముందుకు చాపి, నీళ్ళలో గడగడా ఆడించింది.

జోడు ఊడలేదు గాని, అడుగున ఒండుమట్టి లేచింది. ఒండులో దాక్కున్న రొయ్యలు బెదిరి పైకి ఎగిరాయి. సన్నమ్మ ముక్కు ఊరుకుంటుందా? టక్కున అందుకుంది. రెండో కాలు ఆడించింది. ఈసారి పరిగెలు గుంపుగా లేచాయి. ఆడించడం, అందుకోవడం, ఆడించడం, అందుకోవడం. గొంతు నిండిపోయింది. జోడు మాత్రం గిజిగాడు కట్టినట్టే ఉంది.

పొద్దు వాలుతోంది. గొంతు నిండా చేపలతో, కళ్ళ నిండా నీళ్ళతో సన్నమ్మ గూటి అంచు మీద వాలింది.

"ఊడలేదత్తా. ఎంత చేసినా ఊడలేదు. నన్ను తిట్టు, కొట్టు. పిల్లలకి నోట్లో పెట్టి బయటే పడుకుంటాను."

అత్త వంగి చూసింది. నీళ్ళలో అంతసేపు ఆడించడంతో బురదంతా పోయింది. వాలుపొద్దు ఎండలో ఆ రెండు పాదాలూ పచ్చగా మెరుస్తున్నాయి. అత్త ఇంకాస్త వంగింది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది.

"పసుపా ఇది?"

"పసుపే అత్తా. పైడయ్య తాత పూశాడు."

అత్త వాదన మానేసింది. ఆమెకది అలవాటు లేని పని.

"పసుపు పాదాలతో గుమ్మంలో నిలబడ్డ కోడల్ని బయట ఉంచితే ఇంటికి మంచిది కాదు" అంది చివరికి. పక్కకి తప్పుకుంది. "రా. కుడికాలు ముందు పెట్టి రా."

సన్నమ్మ కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది. ముందు చిన్నదాని నోట్లో పెట్టింది, తరవాత పెద్దదానికి. రెండు ముద్దలు లోపలికి పోగానే చిన్నది తల ఎత్తి మళ్ళీ పాట అందుకుంది. ఆ పాట విని సన్నమ్మ ఏడ్చింది, నవ్వింది, రెండూ ఒకేసారి చేసింది. పిల్లలు నిద్రపోయాక అత్త మెల్లగా దగ్గరికి జరిగింది.

"ఒలే కోడలా, ఆ పైడయ్యకి ముసలివాళ్ళ కొలతలు కూడా వచ్చా?"

మర్నాడు అత్తకీ ఒక జోడు వచ్చింది. పిల్లలకి రెక్కలొచ్చేసరికి వాళ్ళకీ వచ్చాయి. తొలకరికి తిరిగొచ్చిన మొగుడు చూసి తనకీ కావాలన్నాడు. పెద్దకొంగ బావగారు మాత్రం, "నా కాళ్ళు పొడుగు, నాకెందుకు ఆ సోకులు" అన్నాడు. అందుకే ఆయన సంతతికి ఈనాటికీ నల్ల పాదాలే.

చిన్నకొంగల సంగతి వేరు. అప్పటినుంచే వాటి కాళ్ళు నల్లగా, పాదాలు పసుపు పూసినట్టు పచ్చగా ఉంటాయి. అప్పటినుంచే అవి నీళ్ళలో నిలబడి ఒక కాలు ముందుకు చాపి గడగడా ఆడిస్తాయి. చేపల్ని లేపడానికే అలా చేస్తాయని చూసినవాళ్ళు అంటారు. అదీ నిజమే. కానీ గిజిగాడి ముడి ఇవాళైనా వదులైందేమోనని ఒకసారి చూసుకోవడమూ అందులో ఉంది. అది వదులవదు, వాటికీ అక్కర్లేదు. పసుపు పాదాలకి ఏ గుమ్మమూ అడ్డు చెప్పదు కదా.