తవిటమ్మ చెప్పిన నొప్పి

"మాస్టారూ, ఇంకా ఎన్ని మాటలు నేర్చుకుంటే నాది పైస్థాయి ఇంగ్లీషు అవుతుంది?" అని హైమవతి అడిగింది.

గవరయ్య మాస్టారు ఆమె నోటుపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ఓపిగ్గా తిరగేస్తున్నారు. రోజుకు పది, పదిహేను మాటల చొప్పున నాలుగు వేల పైచిలుకు మాటలు గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఒకచోట అక్షరం తప్పుంటే పెన్సిలుతో దిద్దారు. పుస్తకం మూసి, రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చి, "రేపు ఖాళీయేనామ్మా?" అన్నారు.

ముప్పయ్యేళ్ళు పలాసలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఎవరు ఏది అడిగినా వాదించి ఒప్పించే అలవాటు లేదు. రేపు ఖాళీయేనా అని అడుగుతారు. ఖాళీయే అన్నవాళ్ళు మర్నాడు ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటారు. ఆయన దగ్గర చదువుకున్న మాకందరికీ ఈ సంగతి తెలుసు. నేనూ ఒకప్పుడు అలా ఇరుక్కున్నవాణ్ణే. ఇప్పుడు ఊళ్ళో ధర్మాసుపత్రిలో కట్లు కట్టే పని చేస్తున్నాను. డాక్టరు గారి గదికీ నా గదికీ మధ్య సగం ఎత్తు చెక్క అడ్డు ఒక్కటే ఉంది కాబట్టి ఆ మర్నాడు జరిగిందంతా నా ఎదుటే జరిగింది.

హైమవతి గురించి ఒక మాట చెప్పాలి. ఎమ్మే ఇంగ్లీషు చదివింది. కాలేజీలో లెక్చరరు ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. రెండోసారి వాళ్ళు మీ ఊరి గురించి చెప్పమంటే, ముందు రోజు నేర్చుకున్న మాటలన్నీ కలిపి ఐదు నిమిషాలు మాట్లాడిందట. అంతా విని ఒక పెద్దాయన, "బాగుందమ్మా, కానీ మీ ఊరు నాకు కనబడలేదు" అన్నాడట. నేర్చుకున్న మాటలు చాలలేదని ఆమె అనుకుంది. ఇంటికి వచ్చి రోజుకు పది మాటలున్న లెక్కను పదిహేను చేసింది. అంత పట్టుదల ఉన్న పిల్ల. ఆ పట్టుదలంటే మాస్టారికి ముచ్చట.

మర్నాడు గురువారం. మా ఆసుపత్రికి ఎనిమిది నెలల కిందట అస్సాం నుంచి హజారికా అనే డాక్టరమ్మ వచ్చారు. చెయ్యి మంచిది, మనసు అంతకన్నా మంచిది. తెలుగు మాత్రం రాదు. గురువారాల్లో రోగుల మాటలు ఆవిడకు ఇంగ్లీషులో చెప్పే పని మాస్టారు తనంతట తానే పెట్టుకున్నారు. ఆ రోజు ఆయన హైమవతిని తీసుకొచ్చి, డాక్టరమ్మ పక్కనున్న తన కుర్చీ చూపించి, "ఇవాళ ఈ అమ్మాయి చెబుతుంది" అన్నారు. ఆమె తేరుకునేలోపే వరండాలోకి వెళ్ళి రోగుల బల్ల మీద ఒక ముసలాయన పక్కన కూర్చుని కబుర్లలో పడ్డారు.

మొదటి గంట బాగానే గడిచింది. జ్వరాలూ దగ్గులూ వచ్చాయి. హైమవతి ఇంగ్లీషు డాక్టరమ్మకు నచ్చినట్టే ఉంది. ఆ తర్వాత తవిటమ్మ వచ్చింది.

తవిటమ్మకు యాభై దాటి ఉంటాయి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని. రోజంతా కుడిచేత్తో మిషను పిడి కిందికి లాగుతూ ఉండాలి. పిక్కల్లోని నూనె తగిలి వేళ్ళు నల్లబడి, కొసలు పగిలి ఉన్నాయి. ఆసుపత్రికి రావడం అది మూడోసారి. మాస్టారు రాని రోజుల్లో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆ నల్లటి వేళ్ళు చూసి పైపూత మందిచ్చి పంపారు. పూత వేసిన నేనే సాక్షిని.

కుర్చీలో కూర్చుని చెయ్యి బల్ల మీద పెట్టి మొదలుపెట్టింది. "మంట కాదమ్మా. మంటయితే నాకు తెల్దా? ఇరవయ్యేళ్ళయి ఆ నూనెలోనే ఉన్నాను. ఇది ఏరే. తిమ్మిరెక్కిపోతాది. సీమలు పాకినట్టు జివ్వుజివ్వుమంటాది. తెల్లారగట్ల లెగిసేసరికి సెయ్యి నాది కానట్టుంటాది. ఇదిలిస్తే కాస్త నెమ్మదిస్తాది. మళ్ళీ పనిలోకెళ్తే మొదలు. మొన్న మనవరాలికి పాలిస్తన్నాను, గలాసు సేతిలో ఉందో జారిందో తెలీనేదు. పిల్ల కాళ్ళ మీద పడిపోనాది. ఏడిపాలు గావు కాబట్టి సరిపోనాది."

డాక్టరమ్మ హైమవతి వైపు చూశారు. హైమవతి ఒక్క క్షణం ఆలోచించింది. తన పుస్తకంలో నొప్పికి ఉన్న మాటల్లో అన్నిటికన్నా పెద్దది తీసింది. చేతిలో ఎక్స్‌క్రూషియేటింగ్ పెయిన్ అట డాక్టర్, అంది. భరించలేనంత నొప్పి అని దానర్థం.

డాక్టరమ్మ అయ్యో అన్నట్టు తల ఊపి, నల్లటి వేళ్ళకేసి చూసి, ఈసారి ఇంకొంచెం గట్టి పూతా నొప్పి తగ్గే బిళ్ళలూ రాయడానికి కలం తీశారు. చీటీ మీద కలం ఆనింది కూడా.

తవిటమ్మ ఆ కలాన్ని చూసింది. హైమవతిని చూసింది. కోపంగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది.

"నాను ఇంతసేపు సెప్పినాను గదా తల్లీ. నువ్వు ఒక్క ముక్కే సెప్పీసినావేటి?"

చెక్క అడ్డు ఇవతల నేను కడుతున్న కట్టు ఆపేశాను. హైమవతి మొహం ఎర్రబడింది. ఆమె వరండా వైపు చూసింది. మాస్టారు ముసలాయనతో ఏదో చెబుతూ నవ్వుతున్నారే గాని ఇటు తిరగలేదు. అప్పుడామె డాక్టరమ్మను ఒక్క నిమిషం ఆగమంది. కుర్చీని తవిటమ్మ వైపు జరుపుకుంది. "తప్పయిపోయిందమ్మా. మళ్ళీ చెప్పు. మెల్లగా చెప్పు" అంది.

తవిటమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి హైమవతి మధ్యమధ్య అడిగింది. తిమ్మిరి ఏ వేళ్ళకి? బొటనవేలూ, పక్కన రెండూ. చిటికెన వేలికి? దానికేటీ లేదు, అది బంగారంలాగుంది. విదిలించడమంటే ఎలా? తవిటమ్మ, చేతులు కడుక్కుని నీళ్ళు దులుపుకున్నట్టు, చెయ్యి గాల్లో దులిపి చూపించింది.

ఇవన్నీ ఇంగ్లీషులో పెట్టడానికి హైమవతి ఎంత అవస్థపడిందో నేను చూశాను. నాలుగు వేల మాటల్లో జివ్వుమనడం లేదు. తిమ్మిరికి మాట తెలుసు గాని, అంత చిన్న మాట చాలుతుందా అని సందేహించింది. చివరికి సిగ్గు వదిలేసి ఉన్నదున్నట్టు చెప్పింది. చర్మం కింద చీమలు నడుస్తున్నట్టుందట. మూడు వేళ్ళకే ఉందట. చిటికెన వేలికి లేదట. నిద్ర లేచేసరికి ఆ చెయ్యి వేరేవాళ్ళదిలా ఉంటుందట. ఇలా దులిపితే తగ్గుతుందట. పాలగ్లాసు జారిపోయినా తెలియలేదట. ఒకటో తరగతి పిల్ల మాట్లాడినట్టు పొట్టిపొట్టి వాక్యాలు.

వింటూ వింటూ డాక్టరమ్మ కలం కింద పెట్టేశారు. లేచి వచ్చి తవిటమ్మ రెండు చేతులూ పట్టుకుని, మణికట్ల దగ్గర కిందికి వంచి, చేతుల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి, గడియారం చూస్తూ అలాగే ఉంచమన్నారు. నిమిషం తిరగకముందే తవిటమ్మ, "ఓలమ్మో, అదేనమ్మా, అదే! వచ్చేసింది!" అని అరిచింది. ఆ ముక్కను హైమవతి ఇంగ్లీషులో చెప్పాల్సిన అవసరం రాలేదు.

జబ్బు చర్మానిది కాదు. మణికట్టు లోంచి వేళ్ళకు వెళ్ళే నరం, రోజూ అదే పిడి అదే తీరున లాగీ లాగీ, ఒత్తుకుపోతోంది. ఇంకో ఏడాది ఇలాగే పూతలతో గడిపితే బొటనవేలు పట్టు పోయేదని డాక్టరమ్మ చెప్పారు. ఆ మాట హైమవతి తవిటమ్మకు మెల్లగా, రెండుసార్లు చెప్పింది. మణికట్టుకు పట్టీ నేనే వేశాను. కొన్నాళ్ళు మిషను దగ్గరకు పంపవద్దని ఫ్యాక్టరీకి ఉత్తరం కూడా రాసిచ్చారు. తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. ఫ్యాక్టరీవాళ్ళు ఆమెను పప్పు ఏరే పనిలోకి మార్చారు. మూడు నెలలకు తిమ్మిరి చాలావరకు తగ్గింది. మనవరాలికి రెండు జడలు తనే వేస్తున్నానని ఆ పిల్లను తీసుకొచ్చి మరీ మాకు చూపించింది.

ఆ గురువారం వెళ్ళబోతూ తవిటమ్మ గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి, పట్టీ లేని చేత్తో హైమవతి గడ్డం పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ, తల్లీ" అని వెళ్ళిపోయింది. ఏమన్నదని డాక్టరమ్మ అడిగారు. హైమవతి నోరు తెరిచింది, ఆగింది, చివరికి ఏదో చెప్పింది.

మధ్యాహ్నం ఆసుపత్రి మూసే వేళకు మాస్టారూ, హైమవతీ వరండాలో మిగిలారు. నేను టీ తెప్పించాను. ఆమె గ్లాసు పట్టుకుని మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, నేను చెప్పిన ఆ ఒక్క మాటతో ఆవిణ్ణి మూడోసారి కూడా పూతమందుతో పంపేసేదాన్ని."

"పంపలేదుగా" అన్నారు మాస్టారు. "నాకూ మొదట్లో ఇలాగే అయింది. ఒక్క ముక్కే చెప్పావేమని నన్నడిగేవాళ్ళు లేకపోయారు. నీకు తవిటమ్మ దొరికింది."

"డాక్టరు గారు రెండు మాటలు చెప్పారు, జివ్వుమనడానికొకటీ, నరం ఒత్తుకోవడానికొకటీ. ఇక మర్చిపోను. కానీ చివర్లో ఆవిడ దీవించింది చూడండి, కడుపు చల్లగుండ అని. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి, చాలాసేపు నిజంగానే ఆలోచించారు. ఆయన పెదవులు ఏవో మాటలు పట్టి చూసి వదిలేయడం నాకు కనిపించింది. తనకూ దొరకలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, "నువ్వేం చెప్పావు?" అని అడిగారు.

"థాంక్స్ చెబుతోంది అన్నాను."

"సరిపోయిందా?"

"లేదు మాస్టారూ. చాలా తక్కువైంది."

"తక్కువైందని నీకెప్పుడు తెలిసింది?"

"అంటూండగానే."

ఆయన మొహమంతా నవ్వు పరుచుకుంది. లేచి, భుజం మీద కండువా సర్దుకుని, ఆమె తల మీద ఒక్కసారి చెయ్యి పెట్టారు.

"అయితే నువ్వడిగిన పైస్థాయి మొదలైందమ్మా" అన్నారు.